యూ-బూట్‌లో పీసీఎఫ్8574: చిప్పుకూ డ్రైవరుకూ జత కుదిర్చిన డైరీ

మా తోటలో డ్రిప్ వాల్వులను నడిపేది బీగల్‌బోన్ బ్లాక్ అనే చిన్న కంప్యూటరు బోర్డు. దానికి ఐటూసీ (రెండు వైర్ల మీద చిప్పులు మాట్లాడుకునే బస్సు) మీద పీసీఎఫ్8574 (8 అదనపు పిన్నులిచ్చే చిప్పు) మాడ్యూలు, ఆ మాడ్యూలుకు వాల్వులను ఆన్, ఆఫ్ చేసే 8 రిలేల బోర్డు తగిలించాను. లినక్స్ లేచాక అన్నీ సవ్యంగానే నడుస్తాయి. చిక్కంతా లినక్స్ లేవకముందే.

ఒక మధ్యాహ్నం వాచ్‌డాగ్ (వ్యవస్థ స్పందించకపోతే రీసెట్ చేసే టైమరు) బోర్డును రీసెట్ చేసింది. అప్పటికి 3వ వాల్వు తెరిచి ఉంది. పీసీఎఫ్8574కు రీసెట్ పిన్ను లేదు. కరెంటు పోయి వస్తేనే దాని పిన్నులన్నీ హైకి వెళ్తాయి. ప్రాసెసర్ రీసెట్ అయిన సంగతి దానికి తెలియదు, చివరిసారి ఏం చెప్పామో దాన్నే పట్టుకుని ఉంటుంది. ఆ రోజు లినక్స్ ఫైల్‌సిస్టమ్ తనిఖీ దగ్గర ఆగిపోయింది. నేను వెళ్లి చూసేసరికి నలభై నిమిషాలుగా నీళ్లు పారుతున్నాయి, అరటి మొక్కల మొదళ్లు మునిగి ఉన్నాయి.

అందుకే రిలేలన్నీ ఆపే పనిని బూట్‌లోడరుకు, అంటే లినక్స్ కన్నా ముందు నడిచి దాన్ని లేపే యూ-బూట్ అనే ప్రోగ్రాముకు, అప్పగించాలనుకున్నాను. నేను తీసుకున్న యూ-బూట్‌లో ఈ చిప్పును గుర్తుపట్టే డ్రైవరు (చిప్పును నడిపే కోడు) లేదని అప్పుడు నాకు తెలియదు. ఇదే చిప్పును గానీ, యూ-బూట్ పట్టికలో లేని మరో చిప్పును గానీ తగిలించేవాళ్లు ఏ లక్షణం కనబడితే కారణం ఎక్కడ వెతకాలో తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

దశ 0: సామాను, వైరింగు

- రిలే బోర్డు, తక్కువ వోల్టేజీకి ఆన్ అయ్యే రకం: ₹380
- పీసీఎఫ్8574 మాడ్యూలు: ₹140
- 3.3 వోల్టుల యూఎస్‌బీ-సీరియల్ కేబులు: ₹260

ఐటూసీ వైర్లు పీ9 హెడరులో 19, 20 పిన్నులకు వెళ్తాయి. బీగల్‌బోన్ పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోవు. మాడ్యూలు మీది పుల్-అప్ రెసిస్టర్లు 5 వోల్టులకు కలిసి ఉంటే ప్రాసెసర్ దెబ్బతినవచ్చు, మీటరు పెట్టి చూసుకున్నాకే కలపండి. రిలే బోర్డు మీది జంపరు తీసేసి, ఆప్టోకప్లర్ల వైపు 3.3 వోల్టులు, కాయిళ్ల వైపు విడిగా 5 వోల్టులు ఇచ్చాను.

ప్రయోగాలన్నీ ఎస్‌డీ కార్డు మీదే చేశాను. ఎస్2 బటన్ నొక్కిపట్టి కరెంటు ఇస్తే బోర్డు కార్డు నుంచి బూట్ అవుతుంది. ఈఎంఎంసీలో (బోర్డు మీదే ఉన్న మెమరీలో) నడుస్తున్న వ్యవస్థను చివరిదాకా ముట్టుకోలేదు. ఎన్నిసార్లు చెడగొట్టినా వెనక్కి రాగలిగింది అందువల్లే.

ఇప్పటివరకు: ₹780, బిల్డులు (సోర్సు నుంచి యూ-బూట్ తయారుచేయడం) 0.

దశ 1: యూ-బూట్ చదివే డివైస్‌ట్రీ ఏది?

డివైస్‌ట్రీ అంటే బోర్డు మీద ఏయే చిప్పులున్నాయో చెప్పే ఫైలు, అందులో ఒక్కో చిప్పు వివరం ఒక నోడు. మొదట బూట్ పార్టిషన్‌లో ఉన్న లినక్స్ డివైస్‌ట్రీలో చిప్పు నోడు రాశాను. యూ-బూట్‌లో ఏ మార్పూ లేదు. యూ-బూట్ తన డివైస్‌ట్రీని తన ఇమేజిలోనే మోస్తుంది, లినక్స్‌కు ఇచ్చేది వేరే ఫైలు. రెండిట్లోనూ రాయాలి.

తర్వాత బ్లాక్ బోర్డు ఫైలును కలుపుకుని ‘ఏఎం335ఎక్స్-తోట’ అనే సొంత ఫైలు రాసి, బిల్డు జాబితాలో చేర్చాను. బిల్డు అయింది, ఇమేజిలోకీ వెళ్లింది. బోర్డు మీద మాత్రం నా నోడు లేదు. దీనికి ఒక సాయంత్రం పోయింది.

ఈ బోర్డుల యూ-బూట్ ఇమేజిలో అనేక డివైస్‌ట్రీలు కలిసి ఉంటాయి. మొదటి దశ లోడరు ఎస్‌పీఎల్, బోర్డు మీది ఈఈప్రామ్‌లో (చిన్న శాశ్వత మెమరీలో) పేరు చదివి వాటిలో ఒకదాన్ని ఎంచుకుంటుంది. నా బోర్డు ఈఈప్రామ్‌లో ‘ఏ335బీఎన్ఎల్‌టీ’ అని ఉంది, అంటే బీగల్‌బోన్ బ్లాక్. పక్కనే ‘తోట’ ఉన్నా దాన్ని అడిగేవాళ్లు లేరు. డ్రైవరుకూ చిప్పుకూ మధ్య జరిగే జత కుదిర్చే పనే ఇక్కడ బోర్డుకూ డివైస్‌ట్రీకీ మధ్య ఒకసారి ముందే జరిగిపోతోంది. జాబితాలో నా ఫైలు ఒక్కటే ఉంచి, డిఫాల్ట్ కూడా అదే చేశాను.

ఇప్పటివరకు: 2 రాత్రులు, 6 బిల్డులు.

దశ 2: సీరియల్ తెర మీద ఒక్క అక్షరమూ లేదు

ఆ మార్పుతో బోర్డు పూర్తిగా మూగబోయింది. ఎస్‌పీఎల్ మొదటి వరుస కూడా రాలేదు. వెతికిన వరుస ఇది:

1. తెర మీద ‘సీ’ అక్షరాలు వరుసగా వస్తున్నాయా చూశాను. ఏఎం335ఎక్స్ (ఈ బోర్డు ప్రాసెసర్) బూట్ రోమ్‌కు ఎస్‌పీఎల్ దొరకకపోతే సీరియల్ ద్వారా పంపమని అలా అడుగుతుంది. రాలేదు. అంటే ఎస్‌పీఎల్ దొరికింది, మొదలైంది, ఆ తర్వాతే ఎక్కడో ఆగింది.
2. డీబగ్ యూఆర్ట్ (సీరియల్ పోర్టు) ఆప్షన్ ఆన్ చేశాను. చిరునామా హెక్స్ 44ఈ09000, క్లాకు 48 మెగాహెర్ట్జ్. ఇది డ్రైవర్ మోడల్‌తో (డ్రైవర్లను నడిపే యూ-బూట్ చట్రంతో) పనిలేకుండా నేరుగా పోర్టుకు రాస్తుంది. సీరియల్ డ్రైవరు దొరకలేదన్న వరుస వచ్చింది.
3. బిల్డు ఫోల్డరులో ఎస్‌పీఎల్ కోసం తయారైన డివైస్‌ట్రీని తిరిగి టెక్స్టుగా మార్చి చూశాను. సీరియల్ నోడు అందులో లేదు.

చోటు తక్కువ కాబట్టి ఎస్‌పీఎల్ డివైస్‌ట్రీలో ‘బూట్‌పీహెచ్’ గుర్తున్న నోడ్లను మాత్రమే ఉంచి మిగతావి కత్తిరిస్తారు. 2023కు ముందు సోర్సులో ఆ గుర్తు పేరు వేరుగా ఉండేది, పాత ఫైళ్లు చూసేవాళ్లు గమనించాలి. ఈ ప్రాసెసర్ కుటుంబానికి ఆ గుర్తులు ‘ఏఎం33ఎక్స్ఎక్స్-యూ-బూట్’ అనే చేర్పు ఫైలులో ఉంటాయి. బిల్డు దాన్ని తనంతట తానే కలుపుకుంటుంది. అయితే దానికో నియమం ఉంది. ముందు బోర్డు ఫైలు పేరుతో, తర్వాత ప్రాసెసర్ కుటుంబం పేరుతో, ఆ తర్వాత తయారీదారు పేరుతో, ఇలా వరుసగా వెతికి మొదట దొరికిన ఒక్కదాన్నే తీసుకుంటుంది. నేను నా బోర్డు పేరుతో ‘తోట-యూ-బూట్’ చేర్పు ఫైలు పెట్టాను. దాంతో కుటుంబం ఫైలును బిల్డు వదిలేసింది, సీరియల్ గుర్తులు దాంతోపాటే పోయాయి.

నా చేర్పు ఫైలు మొదటి వరుసలో కుటుంబం ఫైలును ఇన్‌క్లూడ్ చేశాను. తెర మీద అక్షరాలు వచ్చాయి.

ఇప్పటివరకు: 3 రాత్రులు, 11 బిల్డులు.

దశ 3: బస్సు ఉంది, చిప్పు లేదు

యూ-బూట్ ప్రాంప్టు వచ్చింది. ఐటూసీ 2వ బస్సుకు మారి ప్రోబ్ (ఏ చిరునామా జవాబిస్తుందో చూసే కమాండు) కొడితే హెక్స్ 20 దగ్గర చిప్పు జవాబిచ్చింది. యూ-బూట్ గుర్తించిన పరికరాల జాబితా చూపే ‘డీఎం ట్రీ’ కమాండు కొట్టాను. బస్సు కింద ‘జెనరిక్_20’ అని కనబడగానే జత కుదిరిందనుకున్నాను.

కుదరలేదు. డ్రైవరు లేని చిరునామా జవాబిస్తే యూ-బూట్ అప్పటికప్పుడు తగిలించే అనామక పరికరం పేరది. అది నా డివైస్‌ట్రీలోంచి పుట్టలేదు, నేను కొట్టిన ప్రోబ్ కమాండు వల్ల పుట్టింది. రీసెట్ చేసి, ప్రోబ్ కొట్టకుండా నేరుగా ‘డీఎం ట్రీ’ చూస్తే బస్సు కింద ఏమీ లేదు. ‘డీఎం ట్రీ’ని ఎప్పుడూ మొదటి కమాండుగా కొట్టండి.

ఇక్కడ ఒకేసారి రెండు తప్పులున్నాయి. మొదటిది, నోడు స్టేటస్‌ను ‘ఓకే’ అనే రెండక్షరాల ఇంగ్లిషు స్పెల్లింగుతో రాశాను. లినక్స్ దాన్నీ ఒప్పుకుంటుంది, నాలుగక్షరాల స్పెల్లింగునూ ఒప్పుకుంటుంది. యూ-బూట్ మాత్రం నాలుగక్షరాలదే కావాలంటుంది, ఆ సంగతి సోర్సులో వ్యాఖ్యగా కూడా రాసిపెట్టారు. రెండక్షరాలు కనబడితే ఆ నోడు మూసి ఉందని వదిలేస్తుంది. లినక్స్ ఫైలు నుంచి నకలు చేసిన వరుస కాబట్టి దాన్ని అనుమానించలేదు.

అది దిద్దినా చిప్పు రాలేదు. అప్పుడు జత కుదిర్చే ఫంక్షన్ తెరిచి చదివాను. ఆ పని ముందే చేయాల్సింది, మొత్తం ఒక పేజీ కూడా లేదు.

యూ-బూట్ డ్రైవర్ మోడల్ 2014లో వచ్చింది. అందులో ప్రతి డ్రైవరూ తనను తాను ఒక జాబితాలో నమోదు చేసుకుంటుంది. ఆ జాబితాను లింకరు కూర్చి బైనరీలో పెడుతుంది. ప్రతి డ్రైవరుకూ తాను నడపగల చిప్పుల పేర్ల పట్టిక ఉంటుంది. నోడులోని ‘కంపాటిబుల్’ పేర్లను యూ-బూట్ రాసిన వరుసలోనే తీసుకుని, ఒక్కో పేరుకూ డ్రైవర్ల జాబితా అంతా వెతుకుతుంది. పోలిక అక్షరం అక్షరం సరిపోవాలి. మొదటి పేరుకు ఎవరూ దొరకకపోతేనే రెండో పేరుకు వెళ్తుంది. అందుకే కచ్చితమైన పేరు ముందు, సాధారణమైన పేరు వెనక రాస్తారు. ఏ పేరుకూ ఎవరూ దొరకకపోతే ‘నో మ్యాచ్’ అనే వరుస రాస్తుంది. ఆ వరుస డీబగ్ స్థాయిలో ఉంది కాబట్టి మామూలు బిల్డులో తెర మీదికి రాదు. ఇది నాకు నచ్చని నిర్ణయం. వందల నోడ్లకు డ్రైవర్లు లేకపోవడం బూట్‌లోడరులో సహజమే, అన్నిటికీ అరవలేదు. అయినా కొత్తగా బోర్డు తెచ్చేవాళ్లకు ఆ ఒక్క వరుస రాత్రుళ్లు మిగులుస్తుంది. ఆ ఫైలు తలలో డీబగ్ నిర్వచనం పెట్టి బిల్డు చేశాను. నా నోడు పేరుతోనే ఆ వరుస కనబడింది.

‘డీఎం కంపాట్’ కమాండు బైనరీలో ఉన్న డ్రైవర్లనూ వాటి పట్టికల్లోని పేర్లనూ చూపిస్తుంది. అందులో పీసీఎఫ్ అన్న మాటే లేదు, ఆ డ్రైవరు కాన్ఫిగ్‌లో ఆన్ కాలేదు. ఆన్ చేశాక రెండు పేర్లు కనబడ్డాయి: ఎన్‌ఎక్స్‌పీ పీసీఎఫ్8575, టీఐ పీసీఎఫ్8575. నా చిప్పు 8574. నేను తీసుకున్న సోర్సులో ఆ పేరు లేదు.

ఇప్పటివరకు: 5 రాత్రులు, 19 బిల్డులు.

దశ 4: తప్పు పేరు రాశాను, జత కుదిరింది

8575 అంటే అదే కుటుంబంలో 16 పిన్నుల చిప్పు. రెండూ దాదాపు ఒకటే కదా అని డివైస్‌ట్రీలో 8575 అని రాశాను. వెంటనే ‘డీఎం ట్రీ’లో వచ్చింది. జీపీఐఓ (ఇన్‌పుట్, అవుట్‌పుట్ పిన్నుల) స్టేటస్ 16 పిన్నులు చూపించింది.

0వ పిన్నును కిందికి దించాను. రిలే కదల్లేదు. పది సార్లు కొట్టాను, ఒక్కసారీ టక్కుమనలేదు. ఒక్కొక్కటే దించుకుంటూ వెళ్లాను. 8వ పిన్ను దించగానే మొదటి రిలే టక్కుమంది. నా చిప్పుకు 8వ పిన్నే లేదు, ఉన్నవి 0 నుంచి 7 వరకే.

ఆ శబ్దం విన్నాక ₹750 పెట్టి 8 చానళ్ల లాజిక్ ఎనలైజర్ (వైర్ల మీది సంకేతాలను రికార్డు చేసే పరికరం) కొన్నాను. దాని రెండు కొక్కేలు ఐటూసీ వైర్లకు, ఒకటి మాడ్యూలు 0వ పిన్నుకు తగిలించి మళ్లీ 0ను దించాను. తెర మీద వరుసగా నాలుగు బైట్లు, హెక్స్‌లో:

- 40: చిరునామా, రాసే సంకేతంతో
- 00
- ఎఫ్‌ఈ: 0వ పిన్ను లో, మిగతా ఏడూ హై
- ఎఫ్‌ఎఫ్: అన్నీ హై

8575 అయితే రెండు డేటా బైట్లు తీసుకుని మొదటిదాన్ని మొదటి 8 పిన్నుల మీద, రెండోదాన్ని తర్వాతి 8 పిన్నుల మీద పెడుతుంది. 8574కు ఒకటే 8 పిన్నుల పోర్టు. వచ్చిన ప్రతి బైటునూ అదే పోర్టు మీద పెట్టేస్తుంది. 00తో దిగిన పిన్నును ఎఫ్‌ఈ కిందే ఉంచింది, వెనకే ఎఫ్‌ఎఫ్ వచ్చి లేపేసింది. 100 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక బైటుకు 9 క్లాకులు, అంటే 90 మైక్రోసెకన్లు. నా కొలతలో 92. రిలే అతుక్కోవడానికి కొన్ని మిల్లీసెకన్లు కావాలి. 8వ పిన్ను దించినప్పుడు ఎఫ్‌ఈ చివరి బైటుగా వచ్చింది, అందుకే నిలిచింది.

మరి ఆ 00 ఎక్కడిది? యూ-బూట్ ఐటూసీ పొర, ప్రతి చిప్పులోనూ రిజిస్టర్ల చిరునామాలుంటాయని అనుకుని డేటాకు ముందు ఒక బైటు ఆఫ్‌సెట్ పంపుతుంది. ఈ చిప్పులో రిజిస్టర్లు లేవు, కనుక దాన్నీ డేటాగానే తీసుకుంది. అంటే ప్రతి రాతలోనూ 92 మైక్రోసెకన్ల పాటు ఎనిమిది రిలేలకూ ఆన్ ఆదేశం వెళ్తోంది. మామూలు రిలేకు అది తెలియదు. సాలిడ్ స్టేట్ రిలేలు పెట్టుకున్నవాళ్లకు మాత్రం ఇది ప్రమాదం: వాటిలోని ట్రయాక్ స్విచ్ ఒకసారి అందుకుంటే ఏసీ అర సైకిల్ ముగిసేదాకా ఆగదు, మన 50 హెర్ట్జ్‌కు అది 10 మిల్లీసెకన్ల వరకు. డివైస్‌ట్రీలో ఐటూసీ ఆఫ్‌సెట్ పొడవు సున్నా అని రాస్తే 00 పోయింది.

8 నుంచి 15 వరకు పిన్నులు వాడుకుంటే అప్పటికే పని జరుగుతుంది. ఒక రాత్రి అలాగే వదిలేద్దామనుకున్నాను. మర్నాడు ఆ ఫైలు తెరిచి చదివితే బోర్డు మీద లేని చిప్పు, ఆ చిప్పులో లేని పిన్నులు రాసి ఉన్నాయి. డివైస్‌ట్రీ అనేది బోర్డు మీద ఏముందో చెప్పే కాగితం, యూ-బూట్‌కు ఏ డ్రైవరు తెలుసో చెప్పే కాగితం కాదు. అదే నోడును లినక్స్ ఫైలులోకి నకలు చేస్తే అక్కడా తప్పే. నోడులో 8574 అని తిరిగి రాసి, డ్రైవరును దిద్దడానికి కూర్చున్నాను.

ఇప్పటివరకు: ₹1,530, 7 రాత్రులు, 24 బిల్డులు.

దశ 5: డ్రైవరుకు కొత్త పేరు నేర్పడం

1. పేర్ల పట్టికలో ఎన్‌ఎక్స్‌పీ పీసీఎఫ్8574 వరుస చేర్చి, దాని ‘డేటా’ గడిలో 8 పెట్టాను. 8575 వరుసల్లో అదే గడిలో 16 ఉంది. జత ఏ వరుసతో కుదిరిందో ఆ వరుసలోని సంఖ్య ప్రోబ్ (డ్రైవరు చిప్పును లేపే) సమయంలో డ్రైవరు చేతికి వస్తుంది. ఒకే డ్రైవరు రెండు చిప్పులను వేరుచేసి చూడగలిగేది దీంతోనే.
2. రాసే ఫంక్షన్‌లో పంపే బైట్ల సంఖ్యను పిన్నుల సంఖ్యను 8తో భాగించి తీసుకున్నాను.
3. చదివే ఫంక్షన్‌లోనూ అంతే. అక్కడ వదిలేస్తే ఒకే పోర్టు రెండుసార్లు చదివి వస్తుంది, నష్టం లేదు గానీ పై 8 బిట్లు అబద్ధం.
4. ఆఫ్‌సెట్ పొడవును ప్రోబ్ ఫంక్షన్‌లోనే సున్నా చేశాను. ఇక డివైస్‌ట్రీలో యూ-బూట్ కోసమని ప్రత్యేక వరుస అక్కర్లేదు.

బిల్డు చేశాను. మళ్లీ ‘నో మ్యాచ్’. పేరు అక్షరం అక్షరం సరిచూశాను, తేడా లేదు. ‘డీఎం కంపాట్’లో మాత్రం నా వరుస లేదు. కారణం: పట్టిక చివర ఒక ఖాళీ వరుస ఉంటుంది, వెతికేవాడికి అదే ఆగు గుర్తు. నేను నా వరుసను దాని కింద రాశాను. పైకి జరిపాను, కుదిరింది. కంపైలరు దీన్ని పట్టదు, ఎందుకంటే సీ భాషకు అది తప్పు కాదు.

ఎనలైజర్‌లో ఈసారి రెండే బైట్లు: 40, ఎఫ్‌ఈ. 0వ పిన్నుకు మొదటి రిలే టక్కుమని అతుక్కుంది. పిన్నుల పేర్లు చదవడానికి వీలుగా బ్యాంకు పేరు కూడా ఇచ్చాను. ఇవ్వకపోతే నోడు పేరు చివరి 20 వెనకే పిన్ను అంకె 0 అతుక్కుని, అది 200నో 20నో తెలియదు.

ఇప్పటివరకు: 8 రాత్రులు, 31 బిల్డులు.

దశ 6: జత కుదరడం వేరు, పని మొదలవడం వేరు

రిలే ఆన్ చేసి ఉంచి బోర్డును రీసెట్ చేశాను. ప్రాంప్టు వచ్చింది, రిలే ఆన్‌లోనే ఉంది. ‘డీఎం ట్రీ’లో నా చిప్పు ఉంది గానీ పక్కన ప్లస్ గుర్తు లేదు.

బైండ్ అంటే ఈ నోడుకు ఈ డ్రైవరు అని రాసుకోవడం మాత్రమే, హార్డ్‌వేరును ముట్టుకోదు. ప్రోబ్ అంటే నిజంగా చిప్పును లేపడం. ఎవరో అడిగితే తప్ప యూ-బూట్ ప్రోబ్ చేయదు. బూట్ త్వరగా అవ్వాలంటే అది సరైన పద్ధతే. నా వాల్వును మాత్రం ఎవరూ అడగడం లేదు.

జీపీఐఓ హాగ్ (బూట్ సమయంలోనే పిన్నును ఒక స్థితిలో పట్టి ఉంచే) ఆప్షన్ ఆన్ చేసి, చిప్పు నోడు కింద ఒక్కో పిన్నుకూ ఒక పిల్ల నోడు చొప్పున ఎనిమిది రాశాను, అన్నిటికీ ‘అవుట్‌పుట్ హై’. నా సోర్సులో ఒక హాగ్ నోడు ఒక పిన్నునే తీసుకుంటుంది.

రీసెట్ లైను మీద ఒక కొక్కెం, 0వ పిన్ను మీద ఒక కొక్కెం పెట్టి తీసిన కొలతలు:

- మార్పుకు ముందు, లినక్స్ రిలేను ఆపేసరికి: 21.6 సెకన్లు
- హాగ్‌తో: 1.4 సెకన్లు
- బూట్ ఆలస్యం 2 సెకన్లను సున్నా చేస్తే: 1.4 సెకన్లే

ఆలస్యం లెక్కింపు మొదలవకముందే హాగ్ పని ముగుస్తోంది. కనుక ప్రాంప్టులోకి దిగడానికి ఆ 2 సెకన్లను ఉంచుకున్నాను.

ఇప్పటివరకు: 9 రాత్రులు, 36 బిల్డులు.

దశ 7: ఎస్‌పీఎల్‌లో ప్రయత్నం, విరమణ

1.4 సెకన్లను ఇంకా తగ్గించాలని ఈ డ్రైవరును ఎస్‌పీఎల్‌లోకి తెచ్చాను. ఏఎం335ఎక్స్‌లో ఎస్‌పీఎల్‌కు ఉన్న చోటు 109 కేబీ. జీపీఐఓ పొర, డ్రైవరు, హాగ్ చేర్చగానే ఇమేజి పట్టదని లింకరు ఆపేసింది. లాగ్ వరుసలు తీసేసినా చాలలేదు.

డివైస్‌ట్రీని బోర్డు మీద చదవకుండా, బిల్డు సమయంలోనే సీ నిర్మాణాలుగా మార్చే ‘ఓఎఫ్-ప్లాట్‌డేటా’ పద్ధతి ఉంది. అందులో జత కుదిర్చే తీరే వేరు. పేర్ల పట్టికతో కాకుండా, కంపాటిబుల్ పేరులోని కామానూ అడ్డగీతనూ కింది గీతగా మార్చగా వచ్చిన పేరుతో డ్రైవరు ఉండాలి, లేదా ఆ పేరును మారుపేరుగా ప్రకటించాలి. నా డ్రైవరుకు మారుపేరు ఇచ్చాను. కానీ ఐటూసీ బస్సు డ్రైవరు నుంచి సీరియల్ వరకు అన్నిటినీ ఆ పద్ధతికి మార్చాలని చూశాక ఆపేశాను. వాల్వు 1.4 సెకన్లు తెరిచి ఉంటే మొక్కకు ఏమీ కాదు. మోటారు స్టార్టరునో హీటరునో నడిపేవాళ్లు మాత్రం దీన్ని సాఫ్ట్‌వేరుకు వదలొద్దు, రీసెట్ పిన్నున్న చిప్పు వాడి దాన్ని బోర్డు రీసెట్ లైనుకు కలపండి.

చివరి పరీక్ష: ఎనిమిది రిలేలూ ఆన్ చేసి వాచ్‌డాగ్‌ను వదిలేయడం. 50 సార్లు చేశాను. 50 సార్లూ యూ-బూట్ దశలోనే అన్నీ ఆగాయి.

ఇప్పటివరకు: ₹1,530, 11 రాత్రులు, 45 బిల్డులు.

చేర్పు: రెండో మాడ్యూలు

పక్క తోట వాళ్లకు ఇదే కట్టిద్దామని ₹150 పెట్టి ఇంకో మాడ్యూలు తెచ్చాను. చూడటానికి అచ్చం అదే. హెక్స్ 20 దగ్గర జవాబు లేదు, 38 దగ్గర ఉంది. భూతద్దం పెట్టి చూస్తే చిప్పు మీద 8574 పక్కన చిన్న ‘ఏ’ ఉంది. పనితీరు ఒకటే, చిరునామాలు మాత్రం 20–27 బదులు 38–3ఎఫ్. లినక్స్‌లో దీనికి విడిగా పీసీఎఫ్8574ఏ అనే పేరుంది. యూ-బూట్ పట్టికలో దానికీ ఒక వరుస రాశాను, డేటా 8తో, ఖాళీ వరుసకు పైన. 46వ బిల్డు మొదటిసారికే లేచింది.